వెళ్ళిపోయే పాస్టరు ఎక్కడ?

తమ్ముడికి వందనాలు.

పాస్టర్ల శిక్షణ కోసం నువ్వు రాసిన పుస్తకం రాతప్రతిని రెండుసార్లు చదివాను. మొదటిసారి 41వ పేజీ దగ్గర కళ్ళు చెమర్చాయి. రెండోసారి అదే పేజీ దగ్గర కోపం వచ్చింది. మందిరంలో చాపలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేయించిన ఆదివారం, ఒక ముసలమ్మ తనకిచ్చిన కుర్చీ పక్కనే నేల మీద కూర్చుందని రాశావు. రెండే వాక్యాలు, ఎంత బాగా చూశావో! ఆ వెంటనే ఆమెను ‘మార్పును ప్రతిఘటించే సభ్యులు’ అనే పట్టికలో మూడో రకం కింద వేసి ముందుకు సాగిపోయావు.

ఆ చాపలు ఎవరు తెచ్చారు? ఏ పాస్టరు గారి కాలంలో పరిచారు? ఆయన ఆ ఊరు ఎలా వదిలి వెళ్ళారు? 180 పేజీల్లో దీని ఊసే లేదు. కొత్త పాస్టరు మొదటి వారం ఏం చేయాలి, కమిటీని ఎలా కూడగట్టాలి, 90 రోజుల్లో ఏమేమి మార్చాలి, అన్నీ ఉన్నాయి. వెళ్ళే పాస్టరు మాత్రం వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుని అరపేజీలో మాయమయ్యాడు.

నేను పాస్టరు గారి కూతురిని. మా నాన్నగారికి ఐదు బదిలీలు. ఎలా ప్రసంగించాలో, పెళ్ళిళ్ళు ఎలా జరిపించాలో ఆయనకు నేర్పారు గానీ ఒక సంఘాన్ని విడిచి వెళ్ళడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. రెండో బదిలీ అప్పుడు లెక్కల దగ్గర పెద్దలతో పట్టింపు వచ్చింది. రాత్రికి రాత్రి లారీలో సామాను ఎక్కించారు. నాకు పదకొండేళ్ళు. గిన్నెల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మందిరం తాళంచెవి ఎదురింటి గడప మీద పెట్టి వచ్చేశారు నాన్నగారు. తర్వాత వచ్చినాయన మంచివారు, కీర్తనలు చక్కగా పాడేవారు. అయినా ఆ ఊరివాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ‘కొత్తాయన’ అనే పిలిచారు. బిడ్డ పుడితే బాప్తిస్మానికి బస్సెక్కి మా దగ్గరికే వచ్చేవారు. నాన్నగారు కాదనలేక ఇచ్చేవారు. ఆ ప్రేమ చూసి ఇంటిల్లిపాదీ పొంగిపోయేవాళ్ళం. ఆ కొత్తాయనకు మేము ఎంత అన్యాయం చేశామో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

చివరి బదిలీ నాటికి నాన్నగారు మారారు. చార్జి అప్పగించే ముందు, తనతో మాటలు మానేసిన ఇళ్ళన్నింటికీ నడిచి వెళ్ళారు. కొత్త పాస్టరు గారిని సమాధుల తోటకు తీసుకెళ్ళి, ఆ ఏడాది ఎవరెవరిని అక్కడ ఉంచామో, ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా మిగిలారో చెప్పారు. చివరి ఆదివారం బాప్తిస్మపు రిజిస్టరు ఆయన చేతిలో పెట్టి, “ఇకమీదట నన్ను పిలవకండి, ఈయన్ని పిలవండి” అని సంఘం ముందు నిలబడి ఏడ్చారు. ఈ సంగతి రాసి ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపితే, పాస్టరు ఏడిస్తే పాఠకుల విశ్వాసం సడలుతుందని సంపాదకుడు ఆ వాక్యం కొట్టేసి అచ్చు వేశాడు. ముప్పై ఏళ్ళయింది, ఇంకా మంట తగ్గలేదు నాకు. ఇప్పుడు అచ్చవుతున్న ఏడు మెట్లు, పన్నెండు సూత్రాల పుస్తకాల్లోనూ ఏడ్చేవాళ్ళు ఉండరు. వాటిలో సంఘమంటే ఒక కంపెనీ, పాస్టరు దాని మేనేజరు. నీ భాషకు ఆ గాలి సోకింది.

అమెరికా సంఘాల తాత్కాలిక పాస్టరు గురించి రాసింది మాత్రం ఉంచు. పాతవారు వెళ్ళాక సంఘానికి కొంతకాలం తోడుండి, చాలాచోట్ల తాను అక్కడే స్థిరపడకూడదన్న నియమంతో వచ్చే మనిషి. మన దగ్గర శుక్రవారం ఒకరి సామాను లారీ ఎక్కుతుంది, శనివారం ఇంకొకరి సామాను దిగుతుంది.

వేర్వేరు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి ఒక్కటైన దక్షిణ ఇండియా సంఘాన్ని (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27 అన్న ఒక్క తేదీతో ముగించావు. తమిళ తీరంలోని తరంగంబాడిలో ఆ కలయిక గురించి మాటలు మొదలైంది 1919లో. అంటే 28 ఏళ్ళు. ఆ మాటల్లో ముందు నిలిచిన అజరయ్య గారు తమిళనాడు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఐక్యత చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. ఏ సంఘం మీదా దానికి అలవాటు లేని ఆరాధన క్రమాన్ని గానీ పరిచర్యను గానీ రుద్దకూడదని కలిసినవాళ్ళు ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. వేర్వేరు చోట్ల అభిషేకం పొందిన పాస్టర్లు ఒకే సంఘంగా కలిసి ఎదగడానికి 30 ఏళ్ళు పెట్టుకున్నారు. అయినా నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో, అంటే ఇంగ్లండు సంఘపు సంప్రదాయం వారిలో, చాలామంది 1970ల దాకా విడిగానే ఉండిపోయారు. కారణాలు అనేకం. వాళ్ళను మూడో రకం కింద వేస్తే ఒక్క కారణమైనా అర్థమవుతుందా? ముసలమ్మకు నువ్విచ్చింది ఒక్క ఆదివారం.

ప్రచురణకర్త గురించీ, ముందుమాట గురించీ అడిగావు. అవి తర్వాత. ముందు ఆ ఊరు వెళ్ళు. ఆమె పేరు కూడా రాయలేదు నువ్వు. ఆమె పక్కన నేల మీదే కూర్చుని, ఆ చాపలు ఎవరి కాలం నాటివో అడుగు. ఆ పాస్టరు గారు బతికే ఉంటే ఆయన దగ్గరికీ వెళ్ళు. తాళంచెవి ఎవరి చేతికిచ్చి వచ్చారో కనుక్కుని, ఆ ఒక్క ప్రకరణం రాసి నాకు పంపు.

అక్క