కరెంటు తీగ లేని ఇల్లు, చెప్పిన రోజుకు రాని పెద్దలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం ఉండేది కరెంటు లైను రాని చోట. సోలార్ పలకలు, ఇన్వర్టర్, 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ అన్నీ నాన్నే బిగించారు. పాత బ్యాటరీ రెండేళ్లకే పోయింది, కొత్తదీ అదే దారిలో ఉంది. రాత్రి తొమ్మిదయ్యేసరికి లైట్లు ఆరిపోతున్నాయి. నాన్న నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. ఉన్నప్పుడు అడిగితే 'రేపు చూస్తాలే' అంటారు. నాకు పదహారేళ్లు. నేనేం చేయగలను?

జవాబు: ముందు లెక్క చూద్దాం. నీ బ్యాటరీలో ఉండేది 12 × 100, అంటే 1200 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే త్వరగా పాడవుతుంది కాబట్టి నీ చేతిలో ఉన్నది 600 అనుకో. 9 వాట్ల బల్బులు నాలుగు, ఒక్కోటి ఐదు గంటలు వెలిగితే 180. 40 వాట్ల ఫ్యాను ఆరు గంటలు తిరిగితే 240. మొత్తం 420 అయింది, ఇంకా మిగలాలి కదా? ఇక్కడే అందరూ మరిచిపోయేది ఒకటుంది. ఇన్వర్టర్‌కి ఏమీ తగిలించకపోయినా అది 10 నుంచి 20 వాట్లు తింటూనే ఉంటుంది. 15 అనుకున్నా రోజంతా ఆన్‌లో ఉంటే 360. దొంగ అక్కడున్నాడు. బల్బులను 12 వోల్టుల డీసీ రకానికి మార్చి, ఫ్యూజు పెట్టి, ఛార్జ్ కంట్రోలర్‌లోని (సోలార్ పలకలకూ బ్యాటరీకీ మధ్య ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) లోడ్ పాయింటు నుంచి నేరుగా నడిపితే ఇన్వర్టర్‌ను ఫ్యాను తిరిగినంతసేపే ఆన్ చేస్తే సరిపోతుంది. ఫోన్ ఛార్జింగ్ మిట్టమధ్యాహ్నం, ఎండ ఉన్నప్పుడే పెట్టుకో.

రోజూ చేయాల్సింది ఒక్కటే. తెల్లవారకముందు అన్నీ ఆపేసి, కాసేపు ఆగి, మల్టీమీటర్‌తో బ్యాటరీ వోల్టేజీ కొలువు. 12.7 దగ్గరుంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే దాదాపు సగం. 12 కిందికి వచ్చిందంటే దెబ్బ తగులుతోంది. తక్కువ ఛార్జ్‌తో రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ లోపలి సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి మళ్లీ కరగదు. మీ పాత బ్యాటరీ బహుశా అలాగే పోయి ఉంటుంది. తేదీ, వోల్టేజీ గోడకు తగిలించిన క్యాలెండర్‌లో రాయి. నాన్న వచ్చినప్పుడు నువ్వు అడగక్కర్లేదు, ఆయనే చూస్తారు.

మూతలున్న రకమైతే నెలకోసారి నీళ్లు చూడాలి. పలకలు ఎప్పుడూ మునిగే ఉండాలి. పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు, ఎందుకంటే ఛార్జింగ్‌లో తరిగేది నీరే, యాసిడ్ లోపలే ఉంటుంది. పూర్తిగా ఛార్జ్ అయ్యాకే పోయాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో ఉబ్బి బయటికి పొర్లుతుంది. పలకలు తేలి కనిపిస్తే మాత్రం మునిగేంత ముందు పోసి, ఛార్జ్ అయ్యాక మిగతాది కలుపు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. గదికి గాలి ఆడాలి. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు, ఛార్జింగ్‌లో వచ్చేది హైడ్రోజన్. యాసిడ్ కంట్లో పడితే పావుగంటకు తక్కువ కాకుండా ధారగా నీళ్లతో కడిగి వైద్యం చేయించాలి.

టెర్మినళ్లు బిగించే పని మాత్రం నువ్వు పెట్టుకోకు. స్పానర్ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే చెయ్యి కాలుతుంది. అది తెలిసిన పెద్దవాళ్ల పని. మరో మాట, బలం చాలడం లేదని ఈ బ్యాటరీకి కొత్తదాన్ని జత చేయనివ్వకు. పాతది కొత్తదాన్నీ లాగేస్తుంది.

ప్రశ్న: మా చెల్లెలు పద్నాలుగేళ్ల కూతురు, తొమ్మిదేళ్ల కొడుకుతో ఊరికి దూరంగా ఉంటుంది. రెండు రోజుల్లో వస్తానని వెళ్లి ఆరో రోజున వస్తుంది. ఏమన్నా అంటే 'పిల్లలు స్వేచ్ఛగా పెరుగుతున్నారక్కా, నీకు అర్థం కాదు' అంటుంది. నేను కలగజేసుకోవచ్చా?

జవాబు: కలగజేసుకోవాలి. తీగ లేకుండా బతకడం తప్పేమీ కాదు, చాలామంది పిల్లలు అలా చక్కగా పెరుగుతారు. తప్పు ఆ మిగతా నాలుగు రోజులు. మీ చెల్లెలితో పెంపకం గురించి వాదన పెట్టుకోకండి, తేలదు. కింద చెప్పినవి అడగండి.

నీళ్లు: తాగడానికి, వంటకి మనిషికి రోజుకు ఆరు లీటర్లు అనుకుంటే ఇద్దరికి వారానికి 84 లీటర్లు. ఇది వాడుక నీళ్లలో కలవకుండా మూతపెట్టి విడిగా ఉండాలి. ఆ పెద్దమ్మాయికి శుద్ధి చేయడం నేర్పండి. నీళ్లు తెర్లుతుండగా ఒక నిమిషం మరగాలి, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. వంటచెరకు లేకపోతే వాసన కలపని 5–6 శాతం బ్లీచ్ లీటరుకు 2 చుక్కలు వేసి అరగంట ఆగాలి. లేతగా క్లోరిన్ వాసన రాకపోతే మళ్లీ రెండు చుక్కలు వేసి పావుగంట ఆగాలి. మురికిగా ఉంటే ముందు తేర్చి గుడ్డతో వడకట్టాలి.

పొగ: జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, కిటికీలకు ఎదురుగా కాకుండా ఉండాలి. బొగ్గుల కుంపటి మూసిన గదిలోకి తేకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి, బయటికి రాగానే తగ్గితే అది జలుబు కాదు. బ్యాటరీతో నడిచే అలారం ఒకటి కొనిచ్చేయండి, అడగకుండానే.

కబురు: రోజూ ఒకే వేళకు, సిగ్నల్ దొరికే ఒకే చోటి నుంచి మీకు మెసేజ్. కాల్ కలవని చోట కూడా మెసేజ్ చాలాసార్లు వెళుతుంది. గంట దాటినా రాకపోతే మీరు బయల్దేరతారని పిల్లలకీ, మీ చెల్లెలికీ ముందే చెప్పండి. చెప్పాక నిజంగా బయల్దేరండి. ఆ పిల్లలకు ఇప్పటికే ఒకరి మాట మీద నమ్మకం పోయింది.

పెద్దమ్మాయి పడుకునే ముందు డబ్బాల్లో ఏముందో లెక్కపెడుతోందా, తమ్ముడు సరిగ్గా తినకపోతే తనే తప్పు చేసినట్టు బెదురుతోందా చూడండి. 'నీకెందుకమ్మా ఇవన్నీ' అంటే ఆ బరువు తగ్గదు. ఒక పని, ఉదాహరణకు సరుకులు నింపడం, పూర్తిగా మీరు తీసుకోండి.

ఇదంతా చెప్పినా పిల్లలు మళ్లీ తిండికీ నీళ్లకీ ఇబ్బంది పడేలా ఒంటరిగా మిగిలితే పిల్లల సంరక్షణ అధికారులకు చెప్పడమే. చెల్లెలు పలకరించడం మానేయవచ్చు, అది తెలిసే చెప్పాలి.

ప్రశ్న: నాకు ఇరవై నాలుగేళ్లు. బడికి వెళ్లలేదు, పుట్టుక నమోదు కూడా లేదు. ఆ నమోదు కాగితాల మీద సంతకానికి వస్తానని నాన్న ఏడాదిగా అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు పుట్టుక నమోదు, మిగతావన్నీ దాని వెనకే. పుట్టగానే నమోదు కావడం పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 7వ అధికరణం చెబుతోంది. చాలా దేశాల్లో ఆలస్యంగా నమోదు చేసుకునే వీలుంది. టీకా కార్డు, పురుడు పోసినవారి వాంగ్మూలం, తోబుట్టువుల కాగితాలు, తేదీ వేసిన పాత ఉత్తరాలు పోగుచేయండి. అన్నిట్లో పేరు ఒకే అక్షరక్రమంలో ఉందో లేదో చూడండి. తేడా ఉంటే దరఖాస్తుతోనే ఆ సంగతి రాసివ్వాలి, లేదంటే అక్కడే ఆగిపోతుంది.

నాన్న రావాలని ఎదురుచూడకండి. ఆయన వాంగ్మూలం రాయించి, ఇద్దరు సాక్షులను, చట్టప్రకారం సంతకం ధ్రువీకరించే వ్యక్తిని తీసుకుని ఆయన ఉన్న చోటికే వెళ్లండి. పెన్ను కూడా మీరే తీసుకెళ్లండి. ఆయన అప్పటికీ దొరక్కపోతే, తండ్రి సంతకం బదులు ఏ ఆధారం ఒప్పుకుంటారో నమోదు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.