టెక్ సందేహాలు: కొన్న డిస్కు మనదే, కాపీ చేసుకునే హక్కు మాటేమిటి?

ప్రశ్న: చాలా ఏళ్ల కిందట కొన్న సినిమా డీవీడీల్లో కొన్నింటి అంచులు తెల్లబారాయి. ప్లేయర్‌లో పెడితే బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి, ఒకచోట ఆగిపోతోంది. పూర్తిగా పాడవకముందే వాటిని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోవాలని ఉంది. ఉద్యోగరీత్యా దేశాలు మారుతుంటాను. సొంత డిస్కును సొంత వాడకానికి కాపీ చేసుకున్నా తప్పవుతుందా?

జవాబు: కాపీ చేసే సమయంలో మీరు ఏ దేశంలో ఉన్నారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. కాపీరైట్‌కు ప్రపంచమంతటా చెల్లే ఒకే చట్టం లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందం రచయితలకు ఉండాల్సిన కనీస హక్కులను నిర్దేశించింది కానీ, కొనుక్కున్నవారికి ఏయే వెసులుబాట్లు ఇవ్వాలన్నది చాలావరకు ఆయా దేశాలకే వదిలేసింది.

బ్రిటన్ అనుభవం చూడండి. కొన్న సీడీని సొంత వాడకానికి ఫోన్‌లోకి ఎక్కించుకోవడం అక్కడ 2014 అక్టోబరు 1 నుంచి చట్టబద్ధమైంది. దీనివల్ల హక్కుదారులకు కలిగే నష్టం పరిహారం అక్కర్లేనంత స్వల్పమని ప్రభుత్వం చెప్పగా, అందుకు తగిన ఆధారాలు చూపలేదంటూ సంగీత రంగ సంస్థలు కోర్టుకెక్కాయి. 2015 జులైలో హైకోర్టు ఆ నిబంధనలను కొట్టివేసింది. అంటే పది నెలలైనా నిండకముందే, లక్షలాది ఇళ్లలో మామూలుగా జరిగే పని మళ్లీ చట్టవిరుద్ధమైంది. డబ్బు పెట్టి కొన్నవారి పట్ల ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. జర్మనీ ఈ చిక్కును 1965లోనే మరోలా పరిష్కరించింది. సొంత వాడకానికి కాపీని అనుమతించి, దానికి బదులుగా రికార్డింగ్ పరికరాలపై రుసుము విధించి, ఆ సొమ్మును హక్కుదారులకు అందే ఏర్పాటు చేసింది. ఆస్ట్రేలియాలోనైతే టీవీ కార్యక్రమాన్ని తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం కూడా 2006 చట్ట సవరణ వరకు ఉల్లంఘనే. ఆ సవరణ పాత వీడియో టేపులోని సినిమాను డిజిటల్ రూపంలోకి మార్చుకోనిచ్చింది కానీ, డీవీడీకి ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

అయితే మీ విషయంలో అసలు చిక్కు కాపీ దగ్గర కాదు, తాళం దగ్గర ఉంది. సినిమా డీవీడీల్లో చాలావాటికి సీఎస్ఎస్ అనే సంకేత రక్షణ ఉంటుంది, దాన్ని విప్పితే తప్ప కాపీ రాదు. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం ప్రకారం ఇలాంటి తాళం తీయడమే వేరొక తప్పు. అక్కడ మూడేళ్లకోసారి కొన్ని పనులకు మినహాయింపులు ప్రకటిస్తారు. విమర్శకో బోధనకో చిన్న దృశ్య భాగాలు తీసుకోవడానికి అనుమతి దొరికింది కానీ, ఇంటి డీవీడీలను హార్డ్‌డిస్క్‌లోకి మార్చుకుంటామన్న విన్నపాలు పదేపదే తిరస్కరణకు గురయ్యాయి. జపాన్ చట్టం సొంత వాడకానికి కాపీని అనుమతిస్తూనే, రక్షణను ఛేదించి చేసిన కాపీకి అది వర్తించదంటుంది. జర్మనీలోనూ తాళం తీయడం నిషిద్ధమే. ఒక చేత్తో హక్కు ఇచ్చి మరో చేత్తో తాళం వేయడమంటే ఇదే.

భారత చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ మాటలు ఇందుకు భిన్నంగా ఉన్నాయి. చట్టం ఇచ్చిన హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే అది నేరం, దానికి రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం తీస్తే ఆ సెక్షన్ అడ్డురాదు. వ్యక్తిగత వాడకానికి న్యాయమైన పరిమితిలో కాపీ చేసుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తోంది కాబట్టి, ఈ రెండింటినీ కలిపి చదవాలి. దొంగనూ, తన పెట్టె తాను తెరుచుకునేవారినీ ఒకే గాటన కట్టని ఈ పద్ధతి మిగతా దేశాలకూ రావాలని నా కోరిక.

ముందుగా మీ డిస్కులను తాళం ఉన్నవి, లేనివి అని రెండు కుప్పలుగా విడదీయండి. సొంతంగా చిత్రించుకున్న కుటుంబ వీడియోలపై హక్కు మీదే కనుక వాటిని ఏ దేశంలోనైనా ఈరోజే కాపీ చేసుకోండి. తాళం ఉన్నవాటి సంగతి మాత్రం మీరున్న దేశపు చట్టం చూసుకున్నాకే తేల్చుకోండి.

ప్రశ్న: సమీక్ష వీడియోల్లో 30 సెకన్ల లోపు సినిమా దృశ్యం వాడి, వివరణలో 'ఫెయిర్ యూజ్' (అనుమతి లేకుండానే చేసుకోదగ్గ న్యాయమైన వాడకం) అని రాస్తే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. అమెరికా చట్టంలోని 107వ సెక్షన్‌లో ఎక్కడా సెకన్ల లెక్క లేదు. వాడిన ఉద్దేశం, మూలకృతి స్వభావం, తీసుకున్న భాగం, దాని మార్కెట్‌పై పడే ప్రభావం అనే నాలుగు అంశాలను కోర్టు కలిపి తూస్తుంది. బ్రిటన్, కెనడా, భారత్‌లలో ఉన్నది 'ఫెయిర్ డీలింగ్'. చట్టంలో పేర్కొన్న విమర్శ, సమీక్ష, పరిశోధన వంటి ప్రయోజనాల్లో మీ పని ఇమడాలి, ఆపైన వాడకం న్యాయంగానూ ఉండాలి. కెనడా సుప్రీంకోర్టు 2004లో ఒక తీర్పులో దీన్ని కేవలం మినహాయింపుగా చూడరాదనీ, ఇది వినియోగదారుల హక్కనీ చెప్పడం ఈ రంగంలో నాకు అత్యంత ఇష్టమైన మలుపు. వివరణలో రాసే ఆ రెండు మాటలు మాత్రం మిమ్మల్ని ఎక్కడా కాపాడవు.

ప్రశ్న: మేము ఏళ్లుగా వాడిన లెక్కల సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన సంస్థ మూతపడింది. పాత ఫైళ్లను చదివే చిన్న ప్రోగ్రాం సొంతంగా రాసుకోవాలనుకుంటున్నాం. కానీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'రివర్స్ ఇంజనీరింగ్ చేయరాదు', అంటే ప్రోగ్రాంను విప్పి అదెలా పనిచేస్తుందో చూడరాదు అన్న షరతుకు ఒప్పుకున్నాం. దాన్ని విప్పి చూడవచ్చా?

జవాబు: యూరోపియన్ యూనియన్‌లో ఈ షరతుకు బలం తక్కువ. వేరే ప్రోగ్రాంతో కలిసి పనిచేయించడానికి తప్పనిసరైతే, కావలసిన సమాచారం మరోలా అందుబాటులో లేకపోతే, అవసరమైన మేరకు కోడ్‌ను విప్పి చూడవచ్చని 1991 నుంచీ అక్కడి నిబంధనలు చెబుతున్నాయి. దానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు కూడా. భారత చట్టం 52వ సెక్షన్‌లోనూ ఇలాంటి వెసులుబాటే ఉంది కానీ, ఒప్పందం చెల్లదన్న మాట అందులో లేదు. అమెరికాలో 1992లో ఒక వీడియో గేమ్‌ల కేసులో అప్పీలు కోర్టు ఇలాంటి పనిని ఫెయిర్ యూజ్‌గా గుర్తించింది. 2003లో మరో అప్పీలు కోర్టు, ఒప్పందంలో వద్దన్నాక వద్దనే తీర్పిచ్చింది.

కాబట్టి కోడ్ జోలికి పోకుండా ముందు ఫైలుతోనే ప్రయత్నించండి, అందులోని లెక్కలు మీవే కదా. ప్రోగ్రాంలో ఒక పద్దులో 100ను 101గా మార్చి వేరే పేరుతో సేవ్ చేయండి. పాత ఫైలునూ కొత్త ఫైలునూ, ఫైలులోని ప్రతి బైటునూ 16 ఆధారంగా ఉండే అంకెల్లో చూపే హెక్స్ ఎడిటర్‌లో పక్కపక్కన తెరవండి. విలువను నేరుగా అంకెగా దాచే ఫైలైతే, ఒకచోట 64 ఉన్న బైటు 65గా మారి కనిపిస్తుంది (ఆ అంకెల్లో 100ను 64గా, 101ను 65గా రాస్తారు). ఆ మొత్తం దాచిన చోటు అదే. తేదీ, పేరు కూడా ఇలాగే ఒక్కొక్కటిగా మార్చి చూస్తూ పోతే ఫైలు నిర్మాణం మెల్లగా బయటపడుతుంది. ప్రోగ్రాంను మామూలుగా నడుపుతూ దాని పనితీరును గమనించే హక్కును ఒప్పందంతో తీసివేయలేరని, ఫైలు రూపానికి ప్రోగ్రాం కాపీరైట్ రక్షణ వర్తించదని యూరప్ న్యాయస్థానం 2012లో తేల్చింది.