జర్మనీలో కేసు పడితే బెల్జియం వెళ్ళిపోవచ్చా?

"ఒక యూరప్ దేశంలో పోలీసు కేసు ఉంటే పక్క దేశానికి మారిపోతే సరిపోతుందా? ఫ్రెండ్ కోసం అడుగుతున్నా" అన్నారు ఒకరు. సరిపోదండీ. ఫ్రెండ్‌కైనా సరిపోదు.

మనవాళ్ళకి ఈ ధైర్యం ఎక్కడిదో నాకు తెలుసు. విజయ్ మాల్యా 2016లో లండన్ వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడే కూర్చున్నాడు కాబట్టి, సరిహద్దు దాటితే ఎవరూ ఏమీ చేయలేరని లెక్క. అది ఇండియాకీ బ్రిటన్‌కీ మధ్య వ్యవహారం. యూరోపియన్ యూనియన్ (ఈయూ) లోపల 2004 నుంచి యూరోపియన్ అరెస్ట్ వారంట్ నడుస్తోంది. ఒక దేశం వారంట్ రాస్తే ఇంకో దేశం పోలీసులు పట్టుకుంటారు, అక్కడి కోర్టు అప్పగిస్తుంది. మోసం, మనీ లాండరింగ్, సైబర్ నేరం లాంటి 32 రకాల నేరాలకు, మూడేళ్ళు గానీ అంతకు మించి గానీ శిక్ష పడే వీలుంటే, "ఇది మా దేశంలో కూడా నేరమేనా" అని చూడను కూడా చూడరు.

నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడ తెలిసిన ఒంగోలు అబ్బాయి ఒకడు వేరే ఈయూ దేశంలో ఎంఎస్ చదివేటప్పుడు, టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో "పార్ట్ టైమ్" అంటే తన బ్యాంకు ఖాతా వాడుకోనిచ్చాడు. ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు అందులోకి వచ్చింది, వెళ్ళింది, వీడికి కాస్త కమీషన్ మిగిలింది. తర్వాత ఇక్కడ ఉద్యోగం వచ్చి మారిపోయాడు, ఆ సంగతే మర్చిపోయాడు. ఓ రోజు రైల్లో మామూలు చెకింగ్‌లో కార్డు చూపించమన్నారు. షెంగెన్ దేశాలన్నీ, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలన్నీ, వాడే పోలీసు డేటాబేస్‌లో వీడి పేరుంది. అక్కడే దింపేశారు.

మర్నాడు నేను బట్టల సంచి పట్టుకుని కోర్టుకి వెళ్ళేసరికి కారిడార్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి ఉన్నారు. బెల్టు, బూట్ల లేసులు తీసేసుకున్నట్టున్నారు, లేచినప్పుడల్లా ఒక చేత్తో ప్యాంటు పట్టుకుంటున్నాడు. ఇండియన్ అనగానే హిందీ ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించారు. వీడికొచ్చిన హిందీ సినిమా హిందీ. ఆయన ఏమడిగినా "హా జీ". నిందితుడికి అర్థమయ్యే భాషలోనే చెప్పాలని ఈయూ 2010లోనే రూలు పెట్టింది. అతనికి ఏ భాష అర్థమవుతుందో కనుక్కునే ఓపిక మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు.

కోర్టు ఇచ్చిన లాయరమ్మకి అనుమానం వచ్చి, వీడికి నిజంగా ఏమైనా తెలుస్తోందా అని నన్నడిగింది. ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చారు. జడ్జి అడగబోయేవి రెండే విషయాలు. అప్పగింతకి నువ్వే ఒప్పుకుంటావా? ఏ నేరానికి అప్పగిస్తున్నారో దానికి తప్ప ఇంకే పాత కేసుకీ విచారించకూడదన్న రక్షణ ఒకటుంది, దాన్ని వదులుకుంటావా?

"రెండిటికీ సరే అంటే సాయంత్రానికి ఇంటికి పంపేస్తారేమో అనుకున్నా అన్నా" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. జర్మనీలో ఒకసారి సరే అంటే మళ్ళీ వెనక్కి తీసుకోవడం ఉండదు.

ఆ రెండో రక్షణ ఎంత గట్టిదో తెలియాలంటే స్పెయిన్ నుంచి కాటలోనియా ప్రాంతాన్ని విడదీయాలన్న నాయకుడు పుజ్‌డెమోన్ సంగతి చూడండి. 2018లో జర్మనీలో దొరికాడు. ప్రజాధనం దుర్వినియోగం కేసుకైతే పంపుతాం, తిరుగుబాటు కేసుకి పంపం అంది ఇక్కడి కోర్టు. అలా తీసుకెళ్తే తిరుగుబాటు కేసు నడపలేమని స్పెయిన్ ఏకంగా వారంటే వెనక్కి తీసుకుంది. అంత పెద్ద మనిషిని కాపాడినదాన్ని మనవాడు "హా జీ" అని ఇచ్చేయబోయాడు! లాయరమ్మ సలహా ప్రకారం మొదటిదానికి సరే అని, రెండోదానికి కుదరదన్నాడు. ఒప్పుకుంటే పది రోజుల్లో తేల్చాలి, లేకపోతే అరవై రోజుల దాకా పట్టొచ్చు. అన్నాళ్ళూ ఇక్కడి జైల్లో కూర్చుని సాధించేదేమీ లేదు.

ఈ లోపు వాళ్ళ నాన్నగారి ఫోన్లు. "మన ఎంపీ గారితో ఢిల్లీలో చెప్పిస్తాను బాబూ, ఎవరికి చెప్పించాలో చెప్పు." ఎవరికని చెప్పను? మామూలు అప్పగింతల్లో చివరి మాట ప్రభుత్వానిది, అక్కడ సిఫారసుకి కాస్త సందుంటుంది. ఇక్కడ మంత్రులకి పనే లేదు, అంతా కోర్టుల మధ్యే. కాన్సులేట్‌కి కబురు పెట్టమని అడిగే హక్కుంది, అడగాలి కూడా. కానీ వాళ్ళొచ్చి విడిపించుకుపోరు. నన్నడిగితే ఈ పద్ధతిలో బాగున్నదీ భయపెట్టేదీ ఇదే.

వాడు వెళ్ళాడు, డబ్బు కట్టాడు, జైలు లేకుండా బయటపడ్డాడు. వీసా గొడవ ఇంకా తెమల్లేదు. అసలు ఇక్కడికి పంపే కన్సల్టెన్సీల వాళ్ళు జాకెట్లు ఏవి కొనాలో, కుక్కర్ తేవాలో వద్దో గంటలు గంటలు చెప్తారు. ఖాతా ఎవరికీ ఇవ్వొద్దని ఒక్క ముక్క చెప్పరు. మన పిల్లలు పడే కేసుల్లో ఎక్కువ ఇవేనని బల్లగుద్ది చెప్తాను.

మీరు తర్వాత అడగబోయేది కూడా తెలుసు: ఇండియా వచ్చేస్తే? ఈ వారంట్ ఈయూ దాటి పనిచేయదు, నిజమే. కానీ మన పౌరుడు విదేశంలో చేసిన నేరానికి మన దేశంలోనే కేసు పెట్టే వీలు మన చట్టంలోనే ఉంది. పైగా ఆ డేటాబేస్‌లో పేరున్నంతకాలం, రేపు పెళ్ళయ్యాక హనీమూన్‌కని పారిస్‌లో దిగినా ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.