ఇంటర్ ఎంపీసీ తర్వాత సర్వేయింగ్: ఏం చదవాలి, ఏ పని దొరుకుతుంది

గుంటూరులో ఎంపీసీ పూర్తయింది, సర్వే లైన్లోకి రావాలనుంది, ఏ కోర్సులో చేరాలి, డ్రోన్లు వచ్చాక ఈ చదువుకు విలువ ఉంటుందా అని అడిగారు.

సర్వేయింగ్ పేరుతోనే ఇంజనీరింగ్ డిగ్రీ ఇచ్చే కాలేజీలు చాలా తక్కువ. చెన్నై గిండీ కాలేజీలో జియోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్‌తో మ్యాపులు, భూమి కొలతల సమాచారం చూసే చదువు) ఉంది. 1794లో సర్వే స్కూలుగా పుట్టిన కాలేజీ అది. అక్కడ సీటు రాలేదని బెంగ అక్కర్లేదు. ఈఏపీసెట్ రాసి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కలే సివిల్ తీసుకోండి. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్‌కు (సర్వే, మ్యాపింగ్ సబ్జెక్టు) వేరే పేపరు ఉంది. అది రాస్తే వరంగల్ ఎన్ఐటీ, రూర్కీ ఐఐటీ లాంటి చోట్ల ఎంటెక్‌కు దారి ఉంటుంది. త్వరగా సంపాదన కావాలంటే మూడేళ్ల సివిల్ డిప్లొమా నయం.

చిక్కల్లా సివిల్ నాలుగేళ్లలో సర్వేకు దక్కేది ఒకటి రెండు సబ్జెక్టులు, ఒక క్యాంపు. క్లాసంతా ఒకే టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే పరికరం) చుట్టూ మూగితే చెయ్యి పెట్టేది నలుగురే. ఆ నలుగురిలో మీరుండాలి. క్యాంపస్‌లోనే ఐదారు పాయింట్లతో ట్రావర్స్ (వరసగా కొలుచుకుంటూ పోయే గీతలు) మొదలైన చోటికే తెచ్చి మూసి, మిగిలిన తప్పును బౌడిచ్ పద్ధతిలో, అంటే గీతల పొడవును బట్టి, కాగితం మీద పంచండి. సాఫ్ట్‌వేర్ తర్వాత. లెవెలింగ్ (ఎత్తులు కొలిచే) లూప్ కూడా అలాగే మూయండి. దూరం కిలోమీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 12తో గుణిస్తే ఎంత వస్తుందో, మూసినప్పటి తేడా అన్ని మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే 250 మీటర్ల లూప్‌కు 6 మిల్లీమీటర్లే. మించితే మళ్లీ కొలవడమే, అంకెలు దిద్దడం కాదు.

సైట్లో కొంప ముంచేవి చిన్న సెట్టింగులే. ప్రిజం అంటే టోటల్ స్టేషన్ కిరణాన్ని వెనక్కి పంపే అద్దం. దాని కాన్‌స్టంట్, అంటే కొలిచిన దూరానికి చేయాల్సిన సవరణ, ఒక ప్రిజానికి సున్నా, మరో దానికి మైనస్ 30 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్రిజం మార్చి మెషిన్లో అంకె మార్చకపోతే 20 మీటర్ల స్థలంలోనూ 3 సెంటీమీటర్లు తేడా, 500 మీటర్లలోనూ అంతే. ఉష్ణోగ్రత వల్ల వచ్చే తప్పు అలా కాదు, దూరంతో పాటు పెరుగుతుంది. మెషిన్లో 20 డిగ్రీలు వదిలేసి బెజవాడ మే ఎండలో 44 దగ్గర కొలిస్తే కిలోమీటరుకు రెండు సెంటీమీటర్ల పైనే పోతుంది.

వీటికన్నా పెద్దది గ్రిడ్ తేడా. యూటీఎం అంటే గుండ్రటి భూమిని జోన్లుగా చేసి చదును మ్యాపు గ్రిడ్‌లోకి తెచ్చే పద్ధతి. మనం అందులో 44వ జోన్లో, 81 డిగ్రీల మధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం. అక్కడ స్కేల్ ఫ్యాక్టర్, అంటే నేల దూరాన్ని గ్రిడ్ దూరంగా మార్చే గుణకం, సుమారు 0.9996. అందుకే నేల మీది కిలోమీటరు గ్రిడ్‌లో 35 సెంటీమీటర్ల పైనే తక్కువగా వస్తుంది. రోడ్డు డిజైన్ యూటీఎంలో ఉండి, ఒక చివర జీపీఎస్ రోవర్‌తో (చేత పట్టుకు తిరిగే రిసీవర్), ఇంకో చివర స్కేల్ పెట్టని టోటల్ స్టేషన్‌తో మార్కింగ్ ఇస్తే రెండూ కలవవు. తప్పు నీదంటే నీదని గొడవ. మొదటి రోజే స్కేల్ ఫ్యాక్టర్ పెట్టాలి, లేదా సైటుకు లోకల్ గ్రిడ్ ఖాయం చేయాలి. అలాగే రోవర్లో విజయవాడ ఎత్తు మైనస్‌లో కనిపిస్తే కంగారు పడొద్దు. అది ఎలిప్సాయిడ్ (లెక్క కోసం భూమికి ఊహించుకున్న నున్నటి ఆకారం) నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి కొలిచింది కాదు. దాన్ని సముద్రమట్టపు ఎత్తుగా మార్చే జియాయిడ్ మోడల్ వేయాలి, ఎత్తు ముందే తెలిసిన బెంచ్‌మార్క్‌తో సరిచూడాలి.

ఇక డ్రోన్లు. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన రాష్ట్ర భూముల రీసర్వేలో అవి బాగా పనికొచ్చాయి. కానీ డ్రోన్ చూపేది ఈ రోజు గట్టు ఎక్కడుందో. హక్కు ఎంతవరకో తేలేది ఎఫ్ఎంబీలో, అంటే పొలాల హద్దు కొలతలుండే ప్రభుత్వ రికార్డులో. పాత ఎఫ్ఎంబీ కొలతలు లింకుల్లో ఉంటాయి: 100 లింకులు 66 అడుగులు, 1000 చదరపు లింకులు ఒక సెంటు. పాత హద్దు రాళ్లు కనీసం మూడు పట్టుకుని, వాటి మధ్య దూరాలు ఎఫ్ఎంబీతో సరిపోయాకే పోయిన రాయి చోటు తేల్చాలి. గట్టును ఆధారం చేసుకుంటే, పక్క రైతు జరిపిన గట్టే హద్దయి కూర్చుంటుంది. పైగా నూజివీడు మామిడి తోటల్లో ఆకుల కింద గట్టు డ్రోన్‌కు కనపడదు, రోవర్‌కు ఉపగ్రహాలు సరిగా అందవు. అక్కడ టోటల్ స్టేషనే గతి. ఎఫ్ఎంబీతో హద్దు తేల్చడం, టోటల్ స్టేషన్ పట్టడం, ఈ రెండు విద్యలూ వచ్చినవాళ్లకు పని తగ్గదు.

ఉద్యోగాల్లో, 2019లో సచివాలయాలకు గ్రామ సర్వేయర్లను తీసుకున్నప్పుడు ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివినవాళ్లకూ అర్హత ఇచ్చారు. కేవలం ఆ పోస్టు కోసమే బీటెక్ చేయడం నా దృష్టిలో దండగ. రోడ్లు, మెట్రో, గల్ఫ్ ప్రాజెక్టుల్లో సైట్ అనుభవం, సివిల్ త్రీడీ (రోడ్లు, స్థలాల డిజైన్ సాఫ్ట్‌వేర్) అడుగుతారు. ఆఫీసు పని ఇష్టమైతే క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్), పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకోండి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో భారతీయ కంపెనీలకు మ్యాపింగ్‌లో ముందస్తు అనుమతుల బెడద తప్పింది, హైదరాబాద్‌లో అవకాశాలు ఎక్కువ.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్లి సర్వే ల్యాబ్ చూడండి. పనిచేసే టోటల్ స్టేషన్లు ఎన్ని, జీపీఎస్ బేస్ (ఒకేచోట నిలిపే రిసీవర్), రోవర్ జత ఉందా, చివరిసారి కాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారు, ఈ మూడూ అడగండి. పెట్టెల మీద దుమ్ముంటే ఇంకో కాలేజీ చూసుకోండి.