కాశీలో దిగాక బండి: 14 మందిని తీసుకెళ్తున్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మడికి మీ అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

విమానం టికెట్లు తీసుకోవడం అయిపోయింది, బండి సంగతి కాశీలో దిగాక చూసుకుంటాం అన్నావు ఫోనులో. ఇద్దరో ముగ్గురో అయితే అలాగే చూసుకోవచ్చు. బయటికి రాగానే ప్రీపెయిడ్ టాక్సీ కౌంటరు ఉంటుంది, ఫోనులో ఓలా, ఉబర్ ఉంటాయి. మీరు 14 మంది. అందులో తొమ్మండుగురు అరవై దాటినవాళ్ళు. హిందీ వచ్చింది నీకూ మీ ఆయనకీ. మీ మామగారిని ఎండలో నిలబెట్టి, మా తమ్ముడికి సామాన్లు అప్పజెప్పి, నువ్వు ఒక్కో డ్రైవరుతోనూ బేరాలాడుతూ కూర్చుంటావా? బండి ఇంటి దగ్గరే కుదుర్చుకుని వెళ్ళు.

విమానాశ్రయానికి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టారు గానీ అక్కడివాళ్ళకి అది బాబత్‌పూర్. డ్రైవరుతో నువ్వూ అలాగే అను. ఊళ్ళోకి 25 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2018లో నాలుగు వరసల రోడ్డు తెరిచారు, కాబట్టి కచహరీ, అంటే కోర్టుల దాకా కాళ్ళు చాపుకుని వెళ్ళిపోవచ్చు. అక్కణ్ణుంచి మొదలవుతుంది అసలు కాశీ. మీరు దిగేది పాండే హవేలీ వైపు, మన తెలుగువాళ్ళ ఆశ్రమాలూ సత్రాలూ ఉన్నచోట. ఆ సందుల్లోకి పెద్ద బండి రాదు. సోనార్‌పురా దగ్గర మెయిన్ రోడ్డు మీద దింపేస్తాడు. అక్కణ్ణుంచి గుమ్మం దాకా మీ పాట్లు మీవి. బండి మాట్లాడేటప్పుడు అందరూ విమానాశ్రయం నుంచి ఊరి దాకా లెక్క కడతారు. నువ్వు మాత్రం గుమ్మం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టు.

అందుకని ముందు బండివాడికి కాదు, ఆశ్రమం ఆఫీసుకి ఫోను చెయ్యి. మూడు ప్రశ్నలు అడుగు. 17 సీట్ల బండి ఎక్కడిదాకా వస్తుంది? అక్కణ్ణుంచి మీ గుమ్మానికి నడక ఎంత, మెట్లు ఎన్ని? మీకు రోజూ యాత్రికుల్ని తెచ్చే డ్రైవరు ఎవరు? మూడో ప్రశ్నకి దొరికే నంబరు, గూగుల్లో వెతికితే వచ్చే పది నంబర్ల కన్నా మేలు. ఆ డ్రైవరుకి రేపు కూడా ఆ గుమ్మం దగ్గరికే రావాల్సిన పని ఉంటుంది కాబట్టి మాట తప్పడు. ఏ రోజుల్లో వెళ్తున్నారో కూడా ఆఫీసువాళ్ళకి చెప్పు. దేవ దీపావళికి, అంటే మన కార్తీక పౌర్ణమికి, శివరాత్రికి, ఉత్తరాదివాళ్ళ శ్రావణ సోమవారాలకి పోలీసులు బళ్ళని ఎక్కడికక్కడ ఆపేస్తారు. ఆ రోజుల్లో దిగితే నడక పెరుగుతుంది. విశ్వనాథుడి గుడి పక్కగా మైదాగిన్ నుంచి గొదౌలియా వెళ్ళే దారైతే సంగతి చెప్పక్కర్లేదు. ఆ దారిన తీసుకెళ్తానని ఎవడైనా గట్టిగా చెబితే వాడికి ఊరు తెలియదనుకో, లేకపోతే నీకు తెలియదనుకుంటున్నాడనుకో.

ఇక ఏ బండి అన్నది. మీ ఆయన మూడు ఇన్నోవాలు అంటున్నాడట. ఇన్నోవాకి డ్రైవరుతో కలిపి ఏడు సీట్లున్నమాట నిజమే. వెనక వరసలో మనుషులు కూర్చుంటే సూట్‌కేసులు ఎక్కడ పెడతావు? ఆ వరస మడిచేస్తే డ్రైవరు కాక బండికి నలుగురికి మించి పట్టరు, మూడు బళ్ళలోనూ కలిపి పన్నెండుగురే. పైగా మూడో బండిలో హిందీ వచ్చినవాళ్ళు ఎవరూ ఉండరు. ఒకటి ముందెళ్ళి, ఒకటి జామ్‌లో ఇరుక్కుని, ఒకటి పెట్రోలు బంకుకి తిరిగితే, ఆ గంటసేపూ నీ ఫోను మోగుతూనే ఉంటుంది. నా మాట విని 17 సీట్ల టెంపో ట్రావెలర్ ఒక్కటే తీసుకో. 12 సీట్లది చాలదు. 14 సీట్లది అని ఎవరైనా అన్నా వద్దను. తలకాయలకి సీట్లు సరిపోతే బండి సరిపోయినట్టు కాదమ్మా. మనిషికి 15 కిలోల పెట్టె ఒకటి, చేతిసంచి ఒకటి. పైన మీ అమ్మ ఎలాగూ పచ్చళ్ళూ పిండివంటలూ అట్టపెట్టెకి కట్టిస్తుంది. ఆ మూడు ఖాళీ సీట్లలో చేతిసంచులు సర్దుకుంటాయి, పెద్ద పెట్టెలు పైన క్యారియర్ మీదికి.

క్యారియర్ ఉందో లేదో నోటిమాటగా అడగొద్దు. బండి ఫోటోలు మూడు పంపమను: బయట నుంచి నంబరు ప్లేటు, పైకప్పు కనబడేలా ఒకటి, లోపల సీట్లది ఒకటి, తలుపు దగ్గర మెట్టుది ఒకటి. మూడోది ఎందుకంటే ట్రావెలర్ మెట్టు ఎత్తు. మీ మామగారి మోకాళ్ళకి అది కొండెక్కినట్టు ఉంటుంది. కింద వేసుకునే పీట ఉందా అని అడుగు. చాలామంది డ్రైవర్ల దగ్గర ఉంటుంది, అడిగితేనే తెస్తారు. నంబరు ప్లేటు పసుపురంగుది, నల్ల అక్షరాలది అయి ఉండాలి. తెల్లప్లేటు బండి చవగ్గా వస్తానన్నా ఎక్కొద్దు. సొంత బండిని కిరాయికి తిప్పుతున్నాడంటే దారిలో చెకింగ్ జరిగితే దిగి నిలబడేది మీరే, ప్రమాదమైతే ఇన్సూరెన్సువాడు వంక పెడతాడు. నంబరు చేతికొచ్చాక ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో కనబడుతుంది.

ధర సంగతి. ముగ్గుర్ని అడుగు, ఒకే మాట అడుగు. ‘సబ్ మిలాకర్ కిత్నా?’, అంటే అన్నీ కలిపి ఎంత అని. ఈ మాట మరిచిపోకు. లేకపోతే ఒకడు తక్కువ చెబుతాడు, తీరా దిగేటప్పుడు విమానాశ్రయం పార్కింగు, డ్రైవరు బత్తా, రాత్రి ఛార్జీ, జీఎస్టీ, సామాన్లు పైకి ఎక్కించిన కూలి అని వరసగా చదువుతాడు. అప్పటికి మీ పెట్టెలు ఇంకా పైనే ఉంటాయి. అందుకే వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టించుకో. నువ్వు పంపే మెసేజ్ ఇలా ఉంటే చాలు: తేదీ, విమానం నంబరు, 14 సవారీ, 14 పెద్ద బ్యాగులు, 17 సీటర్ ఏసీ క్యారియర్‌తో, బాబత్‌పూర్ నుంచి సోనార్‌పురా, పార్కింగ్ టోల్ బత్తా అన్నీ కలిపి ఇంత, అడ్వాన్సు ఇంత, మిగతాది దిగాక. దానికి అవతలివాడు ‘ఓకే’ అన్నా రాతే. మా పారాయణ బృందం వెళ్ళినప్పుడు ఒక ట్రావెల్స్‌వాడు 17 సీట్లదానికి డబ్బు తీసుకుని 12 సీట్లది పంపాడు. ‘అడ్జస్ట్ కర్ లీజియే మాతాజీ’ అని ఒకటే పాట. మా దగ్గర మెసేజ్ ఉంది. దాన్ని ముందు పెట్టి, వాడి ఖర్చు మీదే ఇంకో కారు తెప్పించాం. గొంతు పెంచాల్సిన పని కూడా పడలేదు.

అడ్వాన్సు పదోవంతో ఐదోవంతో చాలు. సగం పంపమంటే ఇంకొకణ్ణి చూసుకో. ఫోన్‌పేలో కొట్టేటప్పుడు పైన వచ్చే పేరు, నీతో మాట్లాడుతున్న మనిషి పేరో ట్రావెల్స్ పేరో అయి ఉండాలి. ‘అడ్వాన్సు వెనక్కి ఇస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యి’ అన్నాడంటే ఫోను పెట్టేసెయ్యి. డబ్బు రావడానికి మనం స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు.

వెయిటింగ్ గురించి రాస్తాను, దీని దగ్గర చాలామంది దెబ్బతింటారు. ‘ఒక గంట ఫ్రీ’ అంటాడు. ఎప్పటినుంచి గంట? టికెట్టు మీద రాసిన టైము నుంచా, విమానం నిజంగా దిగినప్పటి నుంచా? దిగినప్పటి నుంచి అనిపించుకో. ఇద్దరికి వీల్‌చైరు పెట్టించావు కదా, వాళ్ళని విమానంలోంచి అందరికన్నా ఆఖర్న దింపుతారు. తరవాత బెల్టు దగ్గర పెట్టెలు, తరవాత బాత్రూములు. (ఈ ఆఖరిదానికి అందర్నీ బలవంతంగానైనా పంపు. ఊళ్ళో జామ్‌లో పడితే గంటన్నర దాకా ఆపడానికి చోటు దొరకదు.) చూస్తూ చూస్తుండగానే గంట అయిపోతుంది. రెండు గంటలు ఫ్రీ అడుగు, గంటన్నరకి తెగుతుంది.

డిసెంబరు, జనవరుల్లో వెళ్తున్నట్టయితే పొద్దున్న విమానం తీసుకోకుండా ఉండాల్సింది. ఆ రోజుల్లో అటువైపు పొగమంచు పట్టిందంటే పదింటిదాకా వదలదు, విమానాలు వరసగా ఆలస్యం. నువ్వు చెప్పిన టికెట్లు మధ్యాహ్నానివి, బాగుంది. అయినా ఒకమాట అడిగి ఉంచుకో: విమానం లక్నోకి మళ్ళిస్తే అడ్వాన్సు సంగతేమిటి? అక్కణ్ణుంచి కాశీకి దాదాపు 300 కిలోమీటర్లు. మళ్ళించిన విమానాన్ని కాసేపాగి మళ్ళీ కాశీకే తెస్తారు చాలాసార్లు, కంగారుపడి అక్కడ దిగిపోకండి. బండివాడికి ఒక్క ఫోను చేస్తే చాలు. రద్దే అయితే ఆ అడ్వాన్సు తరవాతి రోజుకి వాడుకోనిస్తాడా అన్నది ముందే తేల్చుకుంటే మంచిది.

ముందురోజు సాయంత్రం ఐదింటికల్లా డ్రైవరు పేరు, ఫోను నంబరు, బండి నంబరు నీ చేతిలో ఉండాలి. రాకపోతే నువ్వే ఫోను చెయ్యి. యూపీ 65తో మొదలయ్యే నంబరు అయితే వారణాసి బండి. డ్రైవరుతో నేరుగా ఒకసారి మాట్లాడు, ఏజెంటు చెప్పింది డ్రైవరుకి చేరిందో లేదో అప్పుడే తెలుస్తుంది. చాలాసార్లు చేరదు.

దిగిన రోజు నువ్వు చెయ్యాల్సింది కొంచెమే. టెర్మినల్ ముందు బండిని ఎక్కువసేపు నిలబడనివ్వరు, డ్రైవరు పార్కింగులో ఉంటాడు. పెట్టెలన్నీ ట్రాలీల మీదికి ఎక్కించుకున్నాక ఫోను చెయ్యి, అప్పుడు వస్తాడు. అన్ని పెట్టెలకీ ఒకే రంగు రిబ్బను కట్టించు, పసుపో ఎరుపో. పైకి ఎక్కించేటప్పుడు మీ అబ్బాయిని పక్కన నిలబెట్టి లెక్కపెట్టించు, సోనార్‌పురాలో దింపేటప్పుడు కూడా వాడే. పిల్లలు లెక్క తప్పరు, పెద్దవాళ్ళు మాటల్లో పడతారు. పైన కట్టిన తాడు సరిగ్గా ఉందో లేదో, వానాకాలమైతే పట్టా కప్పాడో లేదో మీ ఆయన్ని చూడమను. మీ మామగారి ఇన్సులిన్, అందరి మందులు, ఆధార్ కార్డులు, డబ్బు ఉన్న సంచి మాత్రం పైకి ఎక్కకూడదు. అది నీ ఒళ్ళో ఉండాలి.

ముందు సీట్లో నువ్వు కూర్చో, మ్యాప్ పెట్టుకుని. దారిలో డ్రైవరు మంచిగానే కబుర్లు మొదలెడతాడు. ‘ఆ వైపు రోడ్డు బందు మాతాజీ, నాకు తెలిసిన హోటలు ఉంది.’ ‘చీరల ఫ్యాక్టరీ దారిలోనే, పది నిమిషాలు.’ ‘దర్శనం చేయించే పంతులుగారు నా ఫ్రెండు.’ అందరూ అలా ఉండరనుకో. ఉన్నవాళ్ళకి కోపంగా చెప్పక్కర్లేదు. ‘పెహలే ఆశ్రమ్, బాకీ కల్’ (ముందు ఆశ్రమం, మిగతావి రేపు) అను, నవ్వుతూనే. రోడ్డు బందన్నాడా, అతని ఎదురుగానే ఆశ్రమానికి ఫోను చెయ్యి. నిజంగా బందైతే వాళ్ళే వేరే చోటు చెబుతారు.

సోనార్‌పురాలో దిగాక ఒకేసారి అందరూ కదలొద్దు. అక్కడ బ్యాటరీ రిక్షాలు దొరుకుతాయి, టోటో అంటారు, నలుగురు పడతారు. ముందు మోకాళ్ళ నెప్పులవాళ్ళని మీ ఆయనతో పంపు. రిక్షా వెళ్ళలేని సందైతే ఆశ్రమంవాళ్ళనే ఒక మనిషినీ తోపుడుబండినీ పంపమని పొద్దున్నే చెప్పి ఉంచు, సామాన్లు దాని మీద వస్తాయి. నువ్వు ఆఖరి పెట్టెతో కదులు. మిగతా డబ్బు ఆ పెట్టె కిందికి దిగాకే ఇవ్వు. మర్యాదగా ఉన్నాడనిపిస్తే పైన ఒక వంద, పెట్టెలు మోసి దింపితే రెండొందలు. తిరుగు ప్రయాణానికి అతన్నే మాట్లాడుకోవచ్చు, నేనైతే అదే చేస్తాను.

తిరుగు ప్రయాణం మాట వచ్చింది కాబట్టి, తొమ్మిది నిద్రలు చేసి వచ్చేసరికి మీ సామాను పెరుగుతుంది. సమారాధనకి గంగనీళ్ళ చెంబులు, బంధువులకి చీరలు, పిల్లలకి చెక్కబొమ్మలు. అప్పుడు కూడా 17 సీట్లదే. విమానానికి నాలుగు గంటల ముందు ఆశ్రమంలో బయల్దేరండి. ఎక్కువనిపిస్తుంది. సందులోంచి 14 మందిని రోడ్డు మీదికి తేవడానికే ముప్పావుగంట పోతుంది.

ఆశ్రమం నంబరు నా పాత డైరీలో ఉంది, రేపు మీ నాన్నకి ఫోనులో చెబుతాను. నువ్వు ఈలోగా ఎవరెవరికి ఎన్ని పెట్టెలో ఇంటింటికీ అడిగి కాగితం మీద రాసిపెట్టు. మీ పెద్దత్తగారు ఒకటే అంటారు, రెండు రాసుకో.

ఇట్లు,
మీ అత్తయ్య
రాజమహేంద్రవరం