తాతయ్య పేరు కుక్కపిల్లకా?

ప్రశ్న: మా కుక్క ఐదు పిల్లల్ని పెట్టి మూడు వారాలైంది. ఒకదాన్ని ఉంచుకుని నాలుగింటిని తెలిసినవాళ్లకు ఇస్తాం. ఉంచుకునేదానికి నిరుడు పోయిన తాతయ్య పేరే పెట్టాలని మా పన్నెండేళ్ల బాబు పట్టుబడుతున్నాడు. ఆ మాట విని అత్తయ్య ఏడ్చేశారు. ‘ఇచ్చేసేవాటికి అసలు పేర్లెందుకు’ అని మావారి విసుగు. రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: ఆ పేరు ఇంట్లో మళ్లీ వినబడాలన్నది మీ బాబు ఆశ. తాతయ్యను తక్కువ చేయాలని కాదు. ఈ సంగతి అత్తగారికి మీరే నెమ్మదిగా చెప్పండి. అయినా ఆ పేరు మాత్రం వద్దు. చెప్పులు కొరికినప్పుడు, ఇల్లు తడిపినప్పుడు దాన్ని పేరు పెట్టే కసురుతారు. భర్త పేరుతో ఆ కసురు వినడం ఆవిడ వల్ల కాదు.

పేరుకు బదులు ఆయనకు ఇష్టమైనదాన్ని తీసుకోండి. ఆయన పెంచిన పూలమొక్క కావచ్చు, మక్కువగా విన్న రాగం కావచ్చు. బాబును నానమ్మ దగ్గర కూర్చోబెట్టి అడగమనండి. ఆవిడ నాలుగైదు చెబితే, అందులోంచి వాడు ఒకటి ఎంచుకుంటాడు. ఇద్దరికీ ఆ కబుర్లు అవసరం.

అర్థం మనకు, కుక్కపిల్లకు అందేది శబ్దమే. పిలుపు రెండక్షరాల్లో ఉంటే మంచిది. హంసధ్వని రాగమైతే ‘హంస’ చాలు. రోజూ చెప్పే ఆజ్ఞలతో కలిసే పేర్లు పెట్టకండి. ‘రాజా’లో ‘రా’ ఉంది, ‘ముద్దు’ అంటే ‘వద్దు’లా వినిపిస్తుంది. ఇంట్లో మనుషుల ముద్దుపేర్లతోనూ పోలిక ఉండకూడదు.

మీవారి మాటలో సగం నిజముంది. ఇచ్చేసే ఆ నాలుగింటికీ కొత్త ఇంటివాళ్లు తమకు నచ్చిన పేర్లు పెట్టుకుంటారు, బాబుకు ఇది ఇప్పుడే చెప్పండి. కానీ ఏది ఎంత బరువు పెరిగిందో, దేనికి నులిపురుగుల మందు వేశారో రాసుకోవాలంటే గుర్తు కావాలి కదా. నుదుటి మచ్చను బట్టి చుక్క, బూడిదరంగుదైతే మబ్బు... ఇలా తాత్కాలికంగా పిలవండి. మెడకు రంగు పట్టీలు కడితే చిటికెనవేలు దూరేంత వదులు ఉండాలి, రోజూ సరిచూడాలి, ఎందుకంటే మెడ త్వరగా లావెక్కుతుంది. ఎవరూ చూడని వేళ తీసేయండి. ఆటలో ఒకదాని పట్టీలో ఇంకోదాని దవడ చిక్కుకోగలదు.

అసలు పేరుకు తొందరేం లేదు. ఆరో వారానికి ఏది చురుకైనదో, ఏది నిదానమైనదో కొంత తెలుస్తుంది. అప్పుడు ఉంచుకునేదాన్ని ఒంటరిగా పక్కకు తీసుకెళ్లి పేరు ఒక్కసారే పలకండి. మీ వైపు తిరిగిన మరుక్షణం చిన్న మెతుకంత తిండి పెట్టండి. పూటకు ఐదారుసార్లు, రోజుకు రెండు పూటలు. గుంపులో పిలిస్తే ఐదూ పరుగెత్తుకొస్తాయి, ఏదీ నేర్చుకోదు. తిరగలేదని పదేపదే పిలిస్తే ఆ పేరును పట్టించుకోవడమే మానేస్తుంది. కసరాల్సి వస్తే ‘వద్దు’ అనండి, పేరు ఎత్తకండి. ఈ నియమం ఇంట్లో అందరికీ ఒకటే, అత్తగారితో సహా.

మిగతావాటిని ఎనిమిది వారాలు నిండాకే పంపండి.