పొగ తగ్గాలంటే పొయ్యి ఆర్పాలా?

ప్రశ్న: విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర చిన్న టిఫిన్ హోటలు నడుపుతున్నాను. సరుగుడు కట్టెల పొయ్యి మీదే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. గాలి కాలుష్యం తగ్గించడానికి కట్టెల పొయ్యిలు, పాత ఆటోలు, ఇటుక బట్టీలు ఆపించేస్తారని నలుగురూ అంటున్నారు. గాలి బాగుపడాలన్నది మంచిమాటే కానీ, మాలాంటివారి పొట్ట కొట్టకుండా అది సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఎక్కడ మొదలుపెట్టాలో సరిగా ఎంచుకుంటే సాధ్యమే. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి 13 పట్టణాలు ఉండగా, వాటిలో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించని ధూళి కణాలు ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటరాదన్నది మన దేశ ప్రమాణం. ఇది ఉదారమైన హద్దే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15 మాత్రమే. ఈ లెక్కలోకి వచ్చేది పొగ ఒక్కటే కాదు, రోడ్డు మీద లేచే మట్టి కూడా వస్తుంది. మనలాంటి పట్టణాల్లో ఆ మట్టి వాటా తక్కువేమీ కాదు, దానిని తగ్గించినందువల్ల ఎవరి వ్యాపారమూ మూతపడదు.

మీ హోటలు ముందే ఒక వారం గమనించి చూడండి. కాలువలో పూడిక తీసి, ఆ నల్లటి బురదను గట్టు మీదే కుప్పపోసి, తడి ఆరాక ఎత్తుకెళ్తామంటారు. రెండు రోజుల్లో అది ఎండి పెళ్లలు కడుతుంది, ఆపైన బండ్ల చక్రాల కింద నలిగి పిండి అవుతుంది, బస్సు వెళ్లిన ప్రతిసారీ లేచి మీ బల్లల మీదా, ఇడ్లీ పాత్రల మీదా వాలుతుంది. మిగిలినది వానకు మళ్లీ అదే కాలువలోకి జారుతుంది కనుక, ఒకే మట్టిని ఎత్తడానికి ఊరు రెండుసార్లు కూలి ఇచ్చుకుంటోందన్నమాట. పూడికను తీసిన రోజే తరలించడం, తారు రోడ్డు అంచుకూ కాలువకూ మధ్యనున్న మట్టి జాగాలో రాళ్లు పరిపించడం, ఇసుక, కంకర తోలే ట్రాక్టర్లకు టార్పాలిన్ కప్పించడం వంటివి పదిమందికి పని కల్పించేవే తప్ప పోగొట్టేవి కావు. ముందు నీళ్లు చిలకరించి ఆ తరువాత ఊడవాలని ఇంటి వాకిలి ఊడ్చే ప్రతివారికీ తెలుసు. వీధికి వచ్చేసరికి ఎందుకు మరచిపోతామో!

చెత్త తగలబెట్టకుండా ఆపడం కూడా ఈ కోవలోనిదే. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది.

ఇక మీ పొయ్యి సంగతి. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఆ నీటిని ఆవిరి చేయడానికే చాలా వేడి ఖర్చయిపోగా, సరిగా కాలని కట్టె పొగై పోతుంది. ఆ పొగ మీరు డబ్బిచ్చి కొన్నదే. కట్టెను చీల్చి, కొన్ని నెలలు నీడన ఆరబెట్టి, గాలి బాగా ఆడే పొయ్యిలో వాడితే కట్టె ఖర్చూ పొగా రెండూ తగ్గుతాయి. గ్యాసుకు మారడం ఇంకా మేలే గానీ, 19 కిలోల వాణిజ్య సిలిండరు ధర ఎప్పటికప్పుడు మారుతూ ఉండగా, చిన్న హోటలువారిని ఒక్క ఉత్తర్వుతో మారమనడం న్యాయం కాదని నా అభిప్రాయం. పాత ఆటో నడిపేవారి విషయమూ అంతే: బండి బాకీ తీరేదాకా గడువు, కొత్త విద్యుత్ ఆటోకు తక్కువ వడ్డీ అప్పు, స్టాండు దగ్గరే చార్జింగు చూపించిన తరువాతే నిషేధం మాట ఎత్తాలి.

బట్టీల విషయంలో నియమం ఇప్పటికే ఉంది. స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలోని పట్టణాలకు 10 కిలోమీటర్ల లోపలి బట్టీలు ఏడాదిలో, మిగిలినవి రెండేళ్లలో జిగ్‌జాగ్ వంటి మెరుగైన పద్ధతికి మారాలని కేంద్రం 2022 ఫిబ్రవరిలో ప్రకటించింది. వేడిగాలి మెలికలు తిరుగుతూ సాగేలా ఇటుకలు పేర్చే ఆ పద్ధతిలో బొగ్గు ఆదా అవుతుంది కనుక, పెట్టిన పెట్టుబడి కొంతకాలానికి తిరిగి వస్తుంది. కాకపోతే, సీజనులో మాత్రమే ఊక పోసి ఇటుక కాల్చుకునే చిన్నవారికి ఆ తొలి పెట్టుబడి ఎక్కడిది? దానికి బ్యాంకు దారి చూపకుండా తనిఖీకి వెళితే, మీరు భయపడుతున్నదే జరుగుతుంది.

ప్రశ్న: ఉపాధి లేక మా ప్రాంతపు యువకులు వలస పోతున్నారు. కాలుష్యం పేరుతో ఫ్యాక్టరీల మీద కఠినంగా ఉంటే, ఉన్నవి కూడా పోవా?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: సూరత్ అనుభవం చూస్తే అలా అనిపించదు. బాయిలర్లలో బొగ్గు కాల్చే అక్కడి ఫ్యాక్టరీలకు 2019లో ఉద్గారాల మార్కెట్ పెట్టారు. మొత్తం ధూళికి ఒక పరిమితి విధించి, ఎవరి వాటా వారికి ఇచ్చి, తక్కువ వదిలినవారు మిగిలిన వాటాను అమ్ముకోవచ్చన్నారు. పొగగొట్టంలోని యంత్రం నిరంతరం లెక్క చెబుతుంది. ఆ మార్కెట్లోని ఫ్యాక్టరీల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది, తగ్గించడానికి అయ్యే ఖర్చు కూడా దిగింది.

అయితే పైడిభీమవరం వైపు ఉన్న మందుల పరిశ్రమలకు ఇదే సూత్రం అతకదు. అక్కడ చూడవలసినది ధూళి కంటే ద్రావకాల, అంటే మందుల తయారీలో పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాల ఆవిరి. దానిని చల్లార్చి పట్టి మళ్లీ వాడుకుంటే వాసన తగ్గడమే కాక, కొన్న ద్రావకం చేతికి తిరిగి వస్తుంది. ఇటువంటి యంత్రాలు నడపడానికీ, కొలతలు తీయడానికీ రసాయనశాస్త్రం చదివిన పిల్లలు కావాలి, వారు మీ జిల్లాలోనే ఉన్నారు.